లొరెటా లిన్ తొలి రోజులు: గురువు లేని పాట నాష్‌విల్ దాకా ఎలా వెళ్లింది?

మీరు అడిగింది ఇది: అమెరికాలో కంట్రీ సంగీతం (అక్కడి పల్లె పాటల్లోంచి వచ్చిన సంగీతం) పాడి పేరు తెచ్చుకున్న లొరెటా లిన్ ఎవరి దగ్గరా సంగీతం నేర్చుకోలేదు, పిల్లల తల్లి అయ్యాక గిటార్ పట్టుకుంది, అయినా ఏడేళ్లు తిరిగేసరికి కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్ నగరంలో (టెనెసీ రాష్ట్రం) గ్రాండ్ ఓల్ ఓప్రీ అనే పేరున్న రేడియో సంగీత కార్యక్రమం స్టేజీ ఎక్కింది. ఇది టాలెంటా, అదృష్టమా, భర్త చలవా? మీరు కూడా సొంతంగా గిటార్ నేర్చుకుని పాటలు రాస్తున్నానన్నారు కాబట్టి, ఊరికే తెలుసుకోవడానికి అడిగిన ప్రశ్న కాదని అర్థమైంది. కొంచెం పెద్ద జవాబే రాస్తున్నాను.

నేను చాలా ఏళ్లుగా టెనెసీలో ఉంటున్నాను. ఉద్యోగం వేరే అయినా, శని ఆదివారాలు ఇక్కడి చిన్న చిన్న చోట్ల కంట్రీ బ్యాండ్‌లతో గిటార్ వాయిస్తాను. లొరెటా పాటలు నాకు బతుకులో భాగం. మీరు చెప్పిన మూడూ ఆమె కథలో ఉన్నాయి. అయితే నా లెక్కలో వాటన్నిటికంటే పెద్ద కారణం ఇంకొకటి ఉంది. ఆమె పాటలు రాసుకుంది. గొంతు ఇంకా వేరొకరి గొంతులా ఉన్న రోజుల్లోనే రాసుకుంది. చివరికి ఆ రాతే ఆమె గొంతును ఆమెకు తెచ్చిపెట్టింది.

మొదట పుట్టిన చోటు సంగతి. లొరెటా వెబ్ 1932 ఏప్రిల్ 14న కెంటకీ రాష్ట్రంలో వాన్ లియర్ అనే బొగ్గుగని ఊరికి పైన, బుచర్ హాలో అనే కొండ సందులో పుట్టింది. ఎనిమిది మంది పిల్లల్లో రెండోది. తండ్రి టెడ్ వెబ్ గనిలో పని చేసేవాడు, మిగతా వేళల్లో కొండవాలు మీద మొక్కజొన్న వేసుకునేవాడు. చాలా ఏళ్లపాటు ఆమె వయసు రెండుమూడేళ్లు తక్కువగా ప్రచారంలో ఉండేది. ఆత్మకథలోనూ, దాని మీద 1980లో వచ్చిన సినిమాలోనూ పదమూడేళ్లకే పెళ్లయినట్టు ఉంటుంది. 2012లో జనన ధృవీకరణ పత్రం బయటపడ్డాక తేలిందేమిటంటే, 1948 జనవరిలో ఆలివర్ లిన్‌ని పెళ్లి చేసుకునేనాటికి ఆమెకు పదిహేనేళ్లు. అందరూ అతన్ని డూలిటిల్ అనేవాళ్లు, ఆమె "డూ" అనేది. ఏ లెక్కన చూసినా చిన్నపిల్లే.

గురువు లేడంటే సంగీతం లేదని కాదు. ఆ ఇంట్లో తల్లి క్లారా పాత కథల పాటలు పాడేది. ఆ కొండల్లో తరాలుగా వచ్చిన పాటలవి. ఒక ఓడ మునిగిన కథో, ఒక హత్య కథో, ఒక ప్రేమ కథో మొదటి నుంచి చివరిదాకా చెప్పే పాటలు. బ్యాటరీతో నడిచే రేడియోలో శనివారం రాత్రి నాష్‌విల్ నుంచి ఓప్రీ వినిపించేది. ఇక తమ్ముళ్లనీ చెల్లెళ్లనీ నిద్రపుచ్చే పని ఈమెదే. వరండాలో ఊగుడుకుర్చీలో వాళ్లను ఒళ్లో వేసుకుని గొంతెత్తి పాడుతుంటే తండ్రి బయటికి వచ్చి, "నోరు మూయవే, ఈ లోయలో ఉన్న వాళ్లందరికీ వినిపిస్తోంది" అనేవాడట. "అయితే ఏంటి నాన్నా, అందరూ మన చుట్టాలేగా" అనేదట ఈమె. చాలా ఏళ్ల తర్వాత ఒక ఇంటర్వ్యూలో తనే చెప్పిన మాట ఇది. నాకు ఇందులో రెండు విషయాలు కనిపిస్తాయి. మైకు లేకుండా దూరానికి వినిపించేలా పాడటం అప్పుడే అలవాటైంది. పాట అంటే కథ చెప్పడమని కూడా అప్పుడే ఒంటబట్టింది. మన దగ్గర పొలం పాటలు, దంపుళ్ల పాటలు పాడుతూ పెరిగిన ఆడవాళ్లను చూసినవాళ్లకి ఇది కొత్త సంగతేమీ కాదు.

పెళ్లయిన కొన్నాళ్లకే, ఆమె కడుపుతో ఉండగా, మొగుడూ పెళ్లాలు దేశానికి అటు చివరన ఉన్న వాషింగ్టన్ రాష్ట్రానికి వెళ్లిపోయారు. కెనడా సరిహద్దు పక్కనే కస్టర్ అనే చిన్న ఊరు. చెట్లు కొట్టే పనులు, పాడి పశువులు, స్ట్రాబెర్రీ తోటలు. ఆమె ఆ తోటల్లో కూలికి పళ్లు కోసింది, రైతుల ఇళ్లలో వంటా ఇంటిపనీ చేసింది. అమ్మానాన్నలు, అక్కచెల్లెళ్లు, తెలిసిన ఊరు అన్నీ అటు ఉండిపోయాయి. పాటల్లోకి వచ్చేసరికే నలుగురు పిల్లలు.

1953లో డూ ఆమెకో గిటార్ కొన్నాడు. సియర్స్ కంపెనీ వాళ్లు అమ్మే హార్మొనీ గిటార్, 17 డాలర్లది. అప్పుడామె వయసు 21. ఇంట్లో పిల్లల్ని పడుకోబెడుతూ పాడేది విని, రేడియోలో వచ్చేవాళ్లలో చాలామంది కంటే నువ్వే బాగా పాడతావని అతను నమ్మాడు. ఆమె నమ్మలేదు. ఎవరైనా చూస్తుంటే నోరు పెగలనంత సిగ్గు. గిటార్ ఎలా పట్టుకోవాలో చెప్పేవాళ్లు లేరు. విన్న పాటకు ఏ కార్డ్ (కలిపి మీటే స్వరాల గుంపు) నప్పుతుందో చెవితో వెతుక్కుంటూ, పిల్లల పనుల మధ్య దొరికిన కాసేపట్లో వేళ్లకు అలవాటు చేసుకుంది. చేయి కాస్త కుదురుకునేసరికి మూడేళ్ల దాకా పట్టింది.

ఇక్కడ మీకు ఒక మాట. ఆ రోజుల కంట్రీ పాటల్లో చాలా వాటికి మూడు కార్డ్స్ సరిపోతాయి. జి శ్రుతిలో పాడితే జి, సి, డి. అంతకుమించి ఆమెకు అవసరం పడలేదు. గిటార్ వాయించడంలో ఆమె ఎప్పుడూ గొప్పది కాదు, కావాలనీ అనుకోలేదు. పాట నిలబడటానికి కావలసినంత నేర్చుకుని, మిగతా మనసంతా మాటల మీద పెట్టింది. మీరు వేళ్ల వేగం గురించి టెన్షన్ పడుతున్నారు. పాట రాసేవాళ్లకి ఆ టెన్షన్ అనవసరం.

రాయడం ఎలా మొదలైందో ఆమె చాలాసార్లు చెప్పింది. ఆ రోజుల్లో పాటల సాహిత్యం అచ్చువేసే కంట్రీ సాంగ్ రౌండప్ అనే పత్రిక వచ్చేది. అది తిరగేస్తూ ఒక్కో పాట ఎలా కట్టారో చూసింది. ఎక్కడ మొదలైంది, పల్లవి ఎక్కడ మళ్లీ వచ్చింది, చరణానికి ఎన్ని వరుసలు, ఏ మాటకి ఏ మాట ప్రాస కలిసింది. ఇంతేనా, ఇది నేనూ చేయగలను అనిపించింది. గిటార్ తీసుకుని పెరట్లోకి వెళ్లి, ఎండ తగలకుండా పాత మరుగుదొడ్డి గోడకు ఆనుకుని కూర్చుని తన మొదటి పాటలు రాసుకుంది. "ఐ యామ్ ఎ హాంకీ టాంక్ గర్ల్", "విస్పరింగ్ సీ" అలా వచ్చినవే. హాంకీ టాంక్ అంటే కంట్రీ పాటలు వినిపించే చిన్న బార్.

ఆ పత్రిక సంగతి నేను నొక్కి చెప్పడానికి కారణం ఉంది. గురువు లేకుండా నేర్చుకునేవాళ్లు ఎక్కువమంది విని వదిలేస్తారు. ఆమె విన్నదాన్ని కాగితం మీద చూసి, విప్పి, మళ్లీ కట్టింది. చీర నేతను వెనకవైపు తిప్పి చూసినట్టు. నాకు తెలిసిన రచయితల్లో పైకొచ్చిన ప్రతి ఒక్కరూ ఏదో ఒక రూపంలో ఈ పని చేసినవాళ్లే.

ఇక స్టేజీ. అది పూర్తిగా డూ పని. ఒక బ్యాండ్ వాళ్ల దగ్గరికి వెళ్లి, కిట్టీ వెల్స్ తర్వాత అంత బాగా పాడే అమ్మాయి నా దగ్గరుందని చెప్పి ఒప్పించాడు. కిట్టీ వెల్స్ అప్పటికి కంట్రీ సంగీతానికి మహారాణి. 1952లో బిల్‌బోర్డ్ పత్రిక కంట్రీ చార్టులో (బాగా ఆడుతున్న పాటల వరుస పట్టికలో) మొదటి స్థానానికి చేరిన తొలి సోలో గాయని ఆవిడే. లొరెటా మొదట్లో పాడినవి ఎక్కువగా ఆవిడ పాటలే, ఆవిడ పాడినట్టే. లిండెన్‌లో రైతుల సంఘం హాలు, బ్లెయిన్‌లో ఒక బార్, ఇలాంటి చోట్ల వేరేవాళ్ల బ్యాండ్‌లతో పాడి, తర్వాత "లొరెటా అండ్ ద ట్రెయిల్‌బ్లేజర్స్" పేరుతో సొంత బ్యాండ్ పెట్టింది. తమ్ముడు జే లీ అందులో లీడ్ గిటార్.

డూ గురించి ఏ మాటకామాట చెప్పుకోవాలి. అతను తాగేవాడు, వేరే ఆడవాళ్లతో తిరిగేవాడు, ఇంట్లో దెబ్బలాటలు జరిగేవి. ఆమె ఇవేవీ దాచలేదు. అతను లేకపోతే తనకు ఈ కెరీర్ లేదని కూడా అంతే గట్టిగా చెప్పింది. భర్త చలవేనా అని మీరు అడిగారు కదా, తోసింది అతనే. కానీ ఆమె రాసిన గొప్ప పాటల్లో సగం అతను పెట్టిన కష్టంలోంచి వచ్చినవి. దాన్ని చలవ అనడానికి నాకు మనసొప్పదు.

వాషింగ్టన్‌లో ఉండగానే టకోమా నగరంలో బక్ ఓవెన్స్ నడిపే టీవీ కార్యక్రమంలో పాడింది. కంట్రీ గాయకుడైన ఆయన అప్పటికింకా పెద్ద స్టార్ కాలేదు. అక్కడ పోటీలో గెలిచినందుకు ఒక చేతి గడియారం బహుమతి. బహుమతి మాటెలా ఉన్నా, ఆ ప్రసారం చూసినవాళ్లలో నార్మ్ బర్లీ అనే కెనడా కలప వ్యాపారి ఉన్నాడు. ఆమె పాట రికార్డు చేయించడానికి అవసరమైన డబ్బు పెట్టింది ఆయనే. వాంకూవర్ కేంద్రంగా జీరో రికార్డ్స్ అనే చిన్న కంపెనీ, దాన్ని చూసుకునేవాడు డాన్ గ్రాషీ. 1960 ఫిబ్రవరిలో ఒప్పందం మీద సంతకం చేసి హాలీవుడ్ వెళ్లి వెస్టర్న్ రికార్డర్స్ స్టూడియోలో నాలుగు పాటలు రికార్డు చేశారు. నాలుగూ ఆమె రాసినవే. ఆ సెషన్‌లో స్టీల్ గిటార్ (తీగల మీద లోహపు కడ్డీ జరుపుతూ వాయించే గిటార్) వాయించింది స్పీడీ వెస్ట్. ఆ వాయిద్యంలో అప్పటికే దేశమంతా పేరున్న మనిషి. పల్లెటూరి హాళ్లలో పాడుకునే అమ్మాయి మొదటి రికార్డుకి అలాంటి వాద్యకారుడు దొరకడం మాత్రం అదృష్టమే, ఒప్పుకుంటాను. మీరు వాటిలో మొదట విడుదలైన "హాంకీ టాంక్ గర్ల్" వింటే మొదటి సెకన్లలోనే ఆ స్టీల్ గిటార్ పనితనం తెలుస్తుంది.

రికార్డు వచ్చింది, అమ్మే మనుషులు లేరు. చిన్న కంపెనీకి దేశమంతా పంపిణీ ఎక్కడిది? డూ స్వయంగా ఆమె ఫొటో తీశాడు. ఆ ఫొటోనీ రికార్డునీ కలిపి రేడియో స్టేషన్లకు పోస్టులో పంపారు. తర్వాత కారేసుకుని బయల్దేరారు. దారిలో కంట్రీ పాటలు వేసే స్టేషన్ ఎక్కడ కనిపిస్తే అక్కడ దిగడం, లోపలికి వెళ్లి డీజేతో మాట్లాడటం, పాట వేయమని అడగడం. కారులోనే నిద్ర, బ్రెడ్డు మధ్య మాంసమూ చీజూ పెట్టుకుని భోజనం. ఆ రోజుల్లో చిన్న ఊళ్ల స్టేషన్లలో ఏ పాట వేయాలన్నది చాలావరకు డీజే ఇష్టం. ఎదురుగా నిలబడి నిజాయితీగా మాట్లాడే పల్లెటూరి అమ్మాయిని కాదనడం వాళ్లకీ కష్టమే. అటు కాలిఫోర్నియాలో గ్రాషీ వాళ్లు లాంగ్ బీచ్‌లోని కె-ఫాక్స్ అనే పెద్ద కంట్రీ స్టేషన్‌కి పాటను తీసుకెళ్లారు. వీళ్లు నాష్‌విల్ చేరేసరికి పాట చార్టుల్లో ఉంది. బిల్‌బోర్డ్ కంట్రీ చార్టులో 14వ స్థానం దాకా వెళ్లింది. పేరు తెలియని కంపెనీ నుంచి, పేరు తెలియని గాయని తనే రాసి పాడిన పాటకు అది చాలా పెద్ద విషయం.

ఇదంతా తండ్రి చూడలేదు. టెడ్ వెబ్ 1959లో చనిపోయాడు. నోరు మూయమన్న ఆయన ఆ గొంతును రేడియోలో ఒక్కసారి కూడా వినలేదు. ఆమె తండ్రి గురించి రాసిన పాట మరో పదేళ్లకు వచ్చింది, 1970లో మొదటి స్థానానికి చేరింది. ఈ రెండు విషయాలూ కలిపి తలచుకున్నప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది.

1960 అక్టోబరులో ఓప్రీలో మొదటిసారి పాడింది. కాలితో తాళం వేసుకోవడం తప్ప ఆ రాత్రి ఇంకేమీ గుర్తులేదని తర్వాత చెప్పింది. 1962లో సభ్యత్వం కూడా వచ్చింది. చాలామంది కథ ఇక్కడ ఆపేసి "అలా పైకొచ్చింది" అంటారు. నిజానికి మీలాంటివాళ్లు తెలుసుకోవలసిన భాగం ఇక్కడే మొదలవుతుంది.

నాష్‌విల్‌లో ఆమెను దగ్గరకు తీసింది విల్‌బర్న్ బ్రదర్స్, అంటే డోయల్, టెడ్డీ. వాళ్లు గాయకులు, ష్యూర్‌ఫైర్ అనే పాటల ప్రచురణ సంస్థ (పాటల హక్కులు చూసుకుని, వాటి మీద డబ్బు వసూలు చేసే సంస్థ) కూడా వాళ్లదే. లొరెటా చేత వాళ్ల దగ్గరున్న పాటలకు డెమోలు (నమూనా రికార్డింగులు) పాడించేవాళ్లు. వాటిలో ఒక డెమోని డోయల్ డెక్కా రికార్డు కంపెనీ నిర్మాత ఓవెన్ బ్రాడ్లీ దగ్గరికి తీసుకెళ్లాడు. బ్రాడ్లీకి పాట నచ్చింది, గాయని బ్రెండా లీ చేత పాడిద్దామనుకున్నాడు. పాడిన అమ్మాయి గురించి మాత్రం ఉత్సాహం చూపలేదు. అచ్చం కిట్టీ వెల్స్‌లా ఉందన్నాడు. కిట్టీ వెల్స్ అప్పటికే డెక్కాలో ఉంది, ప్యాట్సీ క్లైన్ అనే మరో పెద్ద గాయని ఉంది, బ్రెండా లీ ఉంది. ఇంకో కిట్టీ వెల్స్ ఎందుకు? డోయల్ తెగేసి చెప్పాడు: పాట కావాలంటే ఈ అమ్మాయికి కాంట్రాక్ట్ ఇవ్వాలి. అలా ఆమె డెక్కాలోకి వచ్చింది. ఆ పాట బ్రెండా లీ గొంతులో 1961లో పాప్ చార్టులో మూడో స్థానానికి వెళ్లింది. నార్మ్ బర్లీ పేచీ పెట్టకుండా లొరెటాని తన ఒప్పందం నుంచి వదిలేశాడు. సంగీత వ్యాపారంలో అంత పెద్ద మనసు అరుదు.

బ్రాడ్లీ మాట తప్పు కాదు. 1960 నాటి రికార్డు వినండి, చాలా చోట్ల కిట్టీ వెల్స్ వినిపిస్తుంది. సొంతంగా నేర్చుకునేవాళ్లందరికీ ఉండే ఇబ్బందే ఇది. గురువు లేనప్పుడు రికార్డే గురువు. దాంతోపాటు ఆ రికార్డులోని మనిషి ముక్కూ నోరూ కూడా మనకు అంటుకుంటాయి. దీన్ని ఆమె ఎలా వదిలించుకుంది?

కొంత ప్యాట్సీ క్లైన్ వల్ల. 1961 జూన్‌లో ప్యాట్సీ కారు ప్రమాదంలో తీవ్రంగా గాయపడి ఆసుపత్రిలో ఉంది. కంట్రీ గాయకుడు ఎర్నెస్ట్ టబ్ నడిపే అర్ధరాత్రి రేడియో కార్యక్రమంలో లొరెటా ప్యాట్సీ కోసమంటూ ఆమె హిట్ పాటనే పాడింది. మంచం మీద నుంచి అది విని, ఆ అమ్మాయిని తీసుకురమ్మని ప్యాట్సీ భర్తను పంపింది. అలా మొదలైన స్నేహం 1963 మార్చిలో విమాన ప్రమాదంలో ప్యాట్సీ చనిపోయేదాకా సాగింది. బట్టలు, స్టేజీ మీద నడక, మనుషులతో వ్యవహారం, మొగుడి దగ్గర ఎక్కడ గట్టిగా నిలబడాలో కూడా ఆవిడే చెప్పింది. లొరెటాకి ఒక గురువు ఉందనుకుంటే అది ప్యాట్సీయే, అదీ నాష్‌విల్ వచ్చాక.

మిగతాది రాత వల్ల. ఇక్కడ తేదీలు చూడండి. డెక్కాలో ఆమె మొదటి హిట్ "సక్సెస్", 1962, ఆరో స్థానం. అది వేరేవాళ్లు రాసింది. 1963లో, 1964లో వచ్చిన పెద్ద హిట్లూ వేరేవాళ్లవే. సొంత పాటతో చార్టుల్లోకి వచ్చిన మనిషి, కంపెనీలోకి వచ్చాక ఇతరుల పాటలతోనే పేరు తెచ్చుకుంది. రాసే లొరెటా చార్టుల్లో మళ్లీ బలంగా కనిపించింది 1966లో. ఆ ఏడాది మొదట్లో, భర్తను యుద్ధానికి పంపిన భార్య పాట. తర్వాత "యూ ఐంట్ వుమన్ ఇనఫ్".

ఆ రెండో పాట పుట్టిన తీరు తెలిస్తే ఆమె రాత ఏమిటో తెలుస్తుంది. ఒక ప్రోగ్రాం ముందు స్టేజీ వెనక్కి ఒకావిడ ఏడుస్తూ వచ్చింది. నా మొగుడు వేరే ఆవిడను వెంటబెట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చున్నాడని చెప్పింది. లొరెటా తెర పక్కనుంచి తొంగిచూసి, "నీ మొగుణ్ని లాక్కునేంత ఆడది కాదది" అంది. అన్న మాట చెవిలో ఉండగానే డ్రెసింగ్ రూములో కూర్చుని పాట రాసేసింది. అది రెండో స్థానానికి చేరింది. ఆ వెంటనే, తాగొచ్చి పక్కలోకి రావద్దని మొగుడికి చెప్పే పాట చెల్లెలు పెగ్గీ స్యూతో కలిసి రాసింది. 1967 మొదట్లో అది ఆమెకు మొట్టమొదటి నంబర్ వన్.

ఈ పాటల్లో కిట్టీ వెల్స్ లేదు. ఎందుకంటే ఆ మాటలు కిట్టీ వెల్స్ అనేవి కావు. అవి బుచర్ హాలోలో వంటింటి గుమ్మం దగ్గర ఆడవాళ్లు అనుకునే మాటలు. ఆ మాటల్ని వేరేవాళ్ల గొంతుతో పాడటం కుదరదు, నోరు దానంతటదే సొంత యాసకి వచ్చేస్తుంది. మీరు పంపిన రెండు పాటల్లో పల్లవులు బాగున్నాయి. కానీ చరణాల్లో సినిమా పాటల భాష వచ్చేసింది. మీ ఇంట్లో ఎవరూ అనని మాటలవి. మీ గొంతు ఎవరిలాగో ఉందని బాధపడుతున్నారు కదా, ముందు ఆ మాటలు మార్చి చూడండి.

ఇంకొక్క విషయం, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. విల్‌బర్న్ సోదరులు లొరెటాకి చేసిన మేలు చిన్నది కాదు. 1963లో మొదలైన వాళ్ల టీవీ షోలో ఆమెను వారం వారం దేశానికి చూపించారు. కానీ ఆమె రాసిన పాటల ప్రచురణ హక్కులు వాళ్ల ష్యూర్‌ఫైర్ సంస్థకు రాసిచ్చింది. 1970లలో విడిపోయినప్పుడు కోర్టు దాకా వెళ్లినా ఆ హక్కులు తిరిగి రాలేదు. రాసినదంతా వాళ్లకే పోతుందన్న బాధతో ఆ తర్వాత రాయడమే బాగా తగ్గించేసింది. 1972లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ఎంటర్‌టైనర్ ఆఫ్ ది ఇయర్ అవార్డు అందుకున్న మొదటి మహిళ ఆమె. సరిగ్గా ఆ శిఖరం మీద ఉన్నప్పుడు రాయాల్సిన పాటలు రాయలేదు. నాకు ఆమె కెరీర్‌లో అన్నిటికంటే పెద్ద నష్టం ఇదే అనిపిస్తుంది.

కాబట్టి మీ పాట ఎవరైనా రికార్డు చేస్తామంటే రెండు విషయాలు విడివిడిగా అడగండి. ఆ రికార్డింగ్ ఎవరిది, పాట ఎవరిది. రికార్డింగ్ హక్కు డబ్బు పెట్టినవాళ్లు అడగడం మామూలే. సాహిత్యం, బాణీ మీద హక్కు వేరే. ఇండియాలో 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ తర్వాత, రాసినవాళ్లకీ బాణీ కట్టినవాళ్లకీ రాయల్టీలో వాటా పొందే హక్కును కాంట్రాక్టులో పూర్తిగా వదులుకోమని రాయించుకోవడం చెల్లదు. ఆ రాయల్టీలు వసూలు చేసి పంచే సంస్థ ఐపీఆర్ఎస్. దాంట్లో సభ్యత్వం తీసుకోండి, పాటలు నమోదు చేయించండి. సంతకం పెట్టేముందు ఆ కాగితం ఒక లాయర్‌కి చూపించండి. మనవాళ్లే కదా అని మొహమాటపడొద్దు, లొరెటా సంతకం పెట్టిందీ తనవాళ్లనుకున్నవాళ్ల దగ్గరే.

ఈ వారం 1960 "హాంకీ టాంక్ గర్ల్", 1962 "సక్సెస్", 1966 "యూ ఐంట్ వుమన్ ఇనఫ్" ఒకదాని తర్వాత ఒకటి వినండి. మొదటి దాంట్లో ఎక్కడెక్కడ గొంతు అరువు తెచ్చుకున్నట్టు ఉందో, మూడో దాంట్లో అది ఏ మాట దగ్గర పూర్తిగా పోయిందో రాసి పెట్టుకోండి. ఆ తర్వాత మీ రెండో పాట చరణాలు మార్చి మళ్లీ పంపితే, కార్డ్స్ సంగతి కూడా చూసి చెబుతాను.